దయానిధి అపనమ్మకం: సరిహద్దు వ్యక్తిత్వ రుగ్మత వెలుగులో 'చివరకు మిగిలేది'

ఏలూరులో జన్మించిన బుచ్చిబాబు (1916–1967) రచించిన 'చివరకు మిగిలేది' నవల 1946–47 ప్రాంతంలో ధారావాహికగా వెలువడింది. తల్లి శీలంపై లోకం వేసిన నింద కథానాయకుడు దయానిధిని జీవితమంతా వెంటాడుతుంది. కోమలి, అమృతం, ఇందిర - ఎవరి ప్రేమనూ అతడు నిస్సంశయంగా స్వీకరించలేడు. ఈ అపనమ్మకాన్ని సరిహద్దు వ్యక్తిత్వ రుగ్మతగా, అంటే బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్‌గా వ్యాఖ్యానించవచ్చునా అన్నది ఇక్కడి పరిశీలనాంశం.

అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో ఈ రుగ్మతను తన వర్గీకరణలో చేర్చింది. ప్రస్తుత ప్రమాణాల ప్రకారం తొమ్మిది లక్షణాలలో కనీసం ఐదు ఉండాలి. ఈ రుగ్మత గలవారు ఎదుటివారి భావాలను అసలు గుర్తించలేరనడం సరికాదు. ఏ భావమూ వ్యక్తం కాని ముఖంలో సైతం కోపాన్నో తిరస్కారాన్నో చూసే మొగ్గు వారిలో తరచు కనిపిస్తుంది. కింగ్-కాసాస్ బృందం 2008లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన ప్రయోగం విశ్వాసానికి సంబంధించినది. ఇద్దరి మధ్య సొమ్ము ఇచ్చిపుచ్చుకునే ఆటలో సహకారం సన్నగిల్లినప్పుడు, ఆరోగ్యవంతులు ఉదారంగా తిరిగి ఇచ్చి ఎదుటివారి నమ్మకాన్ని మళ్లీ సంపాదించుకున్నారు. రుగ్మత గలవారిలో ఈ ప్రయత్నం చాలా తక్కువగా కనిపించింది. కనుక సమస్య నమ్మకం సడలడంలోనే కాదు, సడలినదాన్ని తిరిగి అతకడంలోనూ ఉంది.

దయానిధికీ ఇదే చిక్కు. అయితే పోలిక ఇంతవరకే. రుగ్మతలో ప్రధానమైన తీవ్ర ఉద్రేకాలు, ఆత్మహాని, ఎడబాటు భయంతో చేసే పెనుగులాట అతని స్వభావానికి కేంద్రం కావు; అతడు ముడుచుకుపోతాడు, దూరంగా తొలగిపోతాడు. పైగా అతని శంక కేవలం ఊహాజనితం కాదు. సమాజం నిజంగానే అతణ్ణి తల్లి పేరుతోనే తూచింది. అతనికి రుగ్మత పేరు తగిలిస్తే ఆ సమాజపు బాధ్యత మరుగున పడుతుంది.

ఈ హెచ్చరిక నిజజీవితంలోని రోగులకూ వర్తిస్తుంది. 'నమ్మదగనివారు' అనే ముద్ర దయానిధి మోసిన నింద వంటిదే. అది వారి అపనమ్మకాన్ని మరింత పెంచుతుంది. మార్షా లినెహాన్ రూపొందించిన చికిత్స, బేట్‌మన్, ఫోనగీల చికిత్స ఈ రుగ్మత గలవారికి తోడ్పడతాయని పరిశోధనలు నిరూపించాయి. ఎదుటివారి మనసును తొందరపడి నిర్ణయించక, ఆగి ఆలోచించడాన్ని రెండవ పద్ధతి అభ్యసింపజేస్తుంది. పాత్రను చదివే విమర్శకునికీ ఆ నిదానమే అవసరం.