కేక్ టిన్‌కి ఎందుకు అతుక్కుంటుంది?

పుట్టినరోజు కేక్‌ని బోర్లించి తట్టారు. సగం పళ్లెంలోకి వచ్చింది, సగం టిన్‌లోనే ఉండిపోయింది. పాప ముఖం చిన్నబోయింది. క్రీమ్ పూసి కప్పేసే ముందు ఆ టిన్‌ని తన చేతికే ఇచ్చి, ఎక్కడ అతుక్కుందో చూపించమనండి. చాలాసార్లు అడుగూ గోడా కలిసే మూలల్లోనే ఉంటుంది.

పిండిలోని గుడ్డు, చక్కెర వేడికి లోహాన్ని పట్టేస్తాయి. వెన్న రాసి మైదా చల్లితే మధ్యలో ఒక పొర అడ్డుపడుతుంది. మిగతాది ఆకారం సంగతి. గోడలు నిటారుగా ఉంటే కేక్ బయటికి వచ్చేదాకా రాసుకుంటూనే ఉంటుంది. పైకి కాస్త విచ్చుకుని ఉంటే, ఒకసారి కదలగానే వదిలేస్తుంది. మన ఇడ్లీ గుంటలు చూడండి, మూలలే ఉండవు!

అడుగు ఊడివచ్చే టిన్‌లైతే బోర్లించే పనే లేదు. కాకపోతే పల్చటి పిండి సందులోంచి కారుతుంది, అదొక తలనొప్పి.

అలాగని అతుక్కోకపోవడమే ఎప్పుడూ మంచిదనుకోకండి. అమెరికాలో చేసే ఏంజెల్ ఫుడ్ కేక్ టిన్‌కి అసలు వెన్నే రాయరు. తెల్లసొన నురుగుతో పొంగే ఆ కేక్ గోడను పట్టుకునే పైకి లేస్తుంది. కుంగిపోకుండా టిన్‌ని తలకిందులుగా ఉంచి చల్లారుస్తారు.

ఈ ఆదివారం మీ పిల్లలకి ఒక స్టీలు గ్లాసు, ఒక వెడల్పాటి గిన్నె, కాస్త తడి ఇసుక ఇవ్వండి. రెండూ నింపి బోర్లించమనండి. ఏది విరిగిందో, ఎందుకో వాళ్లనే చెప్పనివ్వండి. తర్వాత అట్టముక్కలతో తమ సొంత టిన్ చేసుకుంటారు. మీరు గీసివ్వకండి.