గడ్డ కనిపిస్తే దాచవద్దు

స్నానం చేస్తుండగా పెళ్లీడు పిల్లకు రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగులుతుంది. నొప్పి ఉండదు, నొక్కితే పక్కకు జారుతుంది. అమ్మతో చెప్పాలంటే సిగ్గు. కేన్సరేమోనని లోలోపల బెంగ.

15 నుండి 35 ఏళ్లలోపు వారిలో ఇలాంటి గడ్డలు చాలావరకు ఫైబ్రోఎడినోమాలే. ఇవి కేన్సర్ కావు. వీటి పెరుగుదలలో స్త్రీ హార్మోన్లకు పాత్ర ఉందని వైద్యులు భావిస్తారు. ఎందుకంటే ఇవి బహిష్టులు వచ్చే వయసులోనే ఎక్కువగా కనిపిస్తాయి. ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ అధికమయ్యే గర్భిణీ దశలో కొన్ని పెరుగుతాయి. ముట్లుడిగిన తరువాత చాలావరకు కుంచించుకుపోతాయి.

అయితే ఈ హార్మోన్లు స్త్రీలందరిలోనూ ఉంటాయి. గడ్డ మాత్రం అందరికీ రాదు. 2014లో సింగపూర్ పరిశోధకులు తాము పరీక్షించిన గడ్డల్లో సగానికి పైగా వాటిలో మెడ్12 అనే జన్యువులో మార్పును కనుగొన్నారు. కనుక నేరం ఒక్క హార్మోన్లదే అనలేము. పిల్ల చేసిన తప్పు అంతకన్నా కాదు.

తల్లులారా, చేతితో తడిమి ఏ గడ్డ ఏదో మనం తేల్చలేము. ఆకు పసరు కట్టి కాలయాపన చేయకండి. డాక్టరు పరీక్ష, అల్ట్రాసౌండ్ స్కానింగ్, అవసరమైతే సూది పరీక్షతో నిజం తెలుస్తుంది. ఫైబ్రోఎడినోమా అని తేలితే చాలామందికి ఆపరేషన్ అక్కరలేదు. గడ్డ పెరుగుతుంటే తీసివేస్తారు. గడ్డ కదలకపోయినా, చర్మం సొట్టపడినా, చనుమొన నుండి రక్తం కారినా వెంటనే వెళ్లాలి.

మీ అమ్మాయి సిగ్గు విడిచి చెప్పగలిగేలా, ముందు మీరే ఈ మాట ఎత్తండి.