రుణం ఈక్విటీగా మారితే నిష్పత్తులు ఎలా మారతాయి?

కంపెనీ తీర్చలేని అప్పును బ్యాంకు వాటాలుగా మార్చుకుంటే నిష్పత్తులు ఏమవుతాయో ఈ భాగంలో తెలుసుకుంటారు.

ఉదాహరణ: నెక్కొండలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లు కంపెనీ ఉన్నదనుకోండి. వాటాదారుల నిధులు రూ.40 లక్షలు. 10 శాతం వడ్డీపై బ్యాంకు రుణం రూ.60 లక్షలు. వడ్డీ, పన్నులకు ముందు లాభం రూ.16 లక్షలు. బ్యాంకు తన రుణంలో రూ.40 లక్షలను ముఖ విలువకే వాటాలుగా మార్చుకుంది. సులభంగా ఉండటానికి పన్నును వదిలేద్దాం.

రుణ-ఈక్విటీ నిష్పత్తి: మార్పుకు ముందు 1.5 (60/40), తరువాత 0.25 (20/80).
వడ్డీ కవరేజి నిష్పత్తి: ముందు 2.67 రెట్లు (16/6), తరువాత 8 రెట్లు (16/2).
ఈక్విటీపై రాబడి: ముందు 25 శాతం (10/40), తరువాత 17.5 శాతం (14/80).
మొత్తం మూలధనంపై రాబడి: అప్పుడూ ఇప్పుడూ 16 శాతమే (16/100).

చివరి వరుసను మళ్లీ చూడండి. మిల్లు అదే, ఆడే పత్తీ అంతే. మారింది లాభాన్ని పంచుకునే తీరు మాత్రమే. పాత వాటాదారులకు మునుపు రూ.10 లక్షల లాభం దక్కేది; ఇప్పుడు సగం వాటాకు రూ.7 లక్షలే. అయితే ధర పడిపోయి లాభం రూ.5 లక్షలకు తగ్గిందనుకోండి. పాత పద్ధతిలో రూ.6 లక్షల వడ్డీ కట్టలేక రూ.1 లక్ష నష్టం. కొత్త పద్ధతిలో రూ.3 లక్షల లాభం. మంచి ఏడాది రాబడిని కొంత వదులుకుని, చెడ్డ ఏడాదికి రక్షణ కొనుక్కున్నట్లన్నమాట.

వాస్తవ ఉదాహరణ: రాజమహేంద్రవరం దగ్గర వేమగిరిలో జిఎంఆర్ రాజమండ్రి ఎనర్జీ 768 మెగావాట్ల గ్యాస్ విద్యుత్ కేంద్రాన్ని నిర్మించింది. కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్ అందక అప్పు పేరుకుపోయింది. రిజర్వు బ్యాంకు 2015లో తెచ్చిన వ్యూహాత్మక రుణ పునర్వ్యవస్థీకరణ పథకం కింద 2016లో రుణదాతలు రూ.1,414 కోట్ల రుణాన్ని ఈక్విటీగా మార్చుకుని 55 శాతం వాటా పొందారు. నిష్పత్తులు మెరుగైనా గ్యాస్ రాలేదు. మిగిలిన రుణాన్ని తరువాత మళ్లీ పునర్వ్యవస్థీకరించవలసి వచ్చింది.

కాబట్టి రుణ-ఈక్విటీ నిష్పత్తి తగ్గగానే కంపెనీ కోలుకుందని రాయకండి. మూలధనంపై రాబడి పెరిగిందా, యాజమాన్యం ఎవరి చేతికి పోయింది అన్న రెండు ప్రశ్నలూ వేసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై మిల్లులో బ్యాంకు రూ.20 లక్షల రుణాన్ని మాత్రమే వాటాలుగా మార్చుకుంటే నాలుగు నిష్పత్తులూ ఎంతెంత?