విమానం దిగినా శరీరం ఇంకా ఊళ్లోనే

ఈ దినాలలో మన పల్లెల నుండి కూడా అనేకమంది తల్లిదండ్రులు కూతురి పురుడుకో, కొడుకును చూచుటకో అమెరికా వెళ్లుచున్నారు. వీసా, టిక్కెట్టు, పచ్చళ్లు, సున్నిఉండలు, అన్నీ నెలల ముందే సిద్ధపరచుకుంటారు. అయితే అక్కడ దిగిన మొదటి వారం ఎలా ఉంటుందో వారికి చెప్పేవారు తక్కువ. పగలంతా కూర్చున్నచోటే కునుకుపాట్లు. అర్ధరాత్రి తెలివి వచ్చి మరి నిద్ర పట్టదు. "నాకేదో జబ్బు చేసింది, ఇంటికి పంపించేయండి" అని కన్నీళ్లు పెట్టుకొనేవారు కూడా ఉన్నారు. ఇది జబ్బు కాదు. దీనిని జెట్ లాగ్ అంటారు.

కారణమేమిటి?

మన మెదడులో గడియారం వంటిది ఒకటి ఉన్నది. నిద్రవేళను, ఆకలివేళను అదే నడిపిస్తుంది. శరీరంలోని ఇట్టి గడియారం పనిచేసే తీరును కనుగొన్న ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. కంటికి కనిపించే పగటి వెలుతురును బట్టి ఇది తన్ను తాను దిద్దుకుంటుంది. కానీ రోజుకు సుమారు ఒక గంట మాత్రమే.

వేసవిలో చికాగో సమయం మనకంటే పదిన్నర గంటలు వెనుక. అక్కడ రాత్రి 2 గంటలైతే ఇక్కడ మధ్యాహ్నం 12:30. అమ్మ ఆ వేళ లేచి వంటగదిలో అన్నం వెదికితే ఆశ్చర్యమేమున్నది? ఆమె కడుపుకు అది భోజనవేళ!

పూర్వం మిషనరీలు ఓడలలో వారాల తరబడి ప్రయాణం చేసి మన దేశానికి వచ్చేవారు. ఓడతోపాటు శరీరం కూడా మెల్లగా సర్దుకొనేది. విమానం ఒక్క రోజులో చేరుస్తుంది గనుక శరీరం వెనుకబడిపోతుంది.

ఏమి చేయాలి?

పగటిపూట తప్పక ఆరుబయట నడవండి. చికాగోలో డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరలోపే పొద్దుగూకుతుంది, గనుక చలికోటు వేసుకొని మధ్యాహ్నమే వెళ్లండి. పగలు ఆగలేకపోతే అరగంట మాత్రమే పడుకోండి. మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ మానండి. రాత్రి మెలకువ వస్తే టీవీ, ఫోను ముట్టక, చిన్న దీపం వెలుతురులో ఏదైనా కొద్దిగా తిని మరల పడుకోండి.

రెండు హెచ్చరికలు

షుగరు ఉన్నవారు ఇన్సులిన్, మాత్రలు ఏ వేళకు ఎంత తీసుకోవాలో ప్రయాణానికి ముందే డాక్టరు చేత కాగితం మీద వ్రాయించుకోవాలి. మందులు, చీటీ చేతిసంచిలోనే ఉంచుకోవాలి. ఇతరుల నిద్రమాత్రలు వేసుకోరాదు.

పురుడుకు వెళ్లిన అమ్మమ్మలారా, నిద్రమత్తులో మనవడిని ఒడిలో పెట్టుకొని సోఫాలో కూర్చోవద్దు. మీరు కునుకు తీస్తే పసిబిడ్డకు ఊపిరాడక ప్రాణాపాయం కలుగవచ్చు. ముందు మీరు నిద్రపోండి, తరువాత బిడ్డను ఎత్తుకోండి.

బిడ్డలకు ఒక మాట

అమ్మానాన్నలను వచ్చిన వారంలోనే ఊళ్లు తిప్పకండి. వారు విసుక్కొన్నా, తిరిగి వెళ్లిపోతామన్నా నొచ్చుకోకండి. పది పన్నెండు రోజులు ఓర్చుకుంటే వారే కుదుటపడతారు.

తిరిగి వచ్చినప్పుడు కూడా ఇదే తిప్పలు. పైగా తూర్పు దిక్కు ప్రయాణం చాలామందికి మరింత కష్టం. అమెరికా కబుర్ల కోసం చీకటి పడ్డాక వారి తలుపు తట్టకుండా, వారిని కొన్ని రాత్రులు నిద్రపోనిద్దాం. నాన్నగారు కూడా మత్తు వదిలేవరకు మోటారు సైకిలు తీయకుండుట మంచిది.