ఫోన్‌తో క్యాన్సర్ వస్తుందా? ఎస్‌ఏఆర్ నంబర్ కన్నా సిగ్నల్ గీతలు చూడండి

మీ ఫోన్‌లో *#07# డయల్ చేసి చూడండి. చాలా మోడళ్లలో వెంటనే ఎస్‌ఏఆర్ వాల్యూ కనిపిస్తుంది. ఫోన్ పంపే రేడియో తరంగాల నుంచి మన ఒళ్లు కిలోకి ఎన్ని వాట్లు పీల్చుకుంటుందో చెప్పే నంబర్ అది. 2012 సెప్టెంబర్ 1 నుంచి మన దేశంలో ఇది 1.6 దాటకూడదు.

0.9 ఉన్న ఫోన్ 1.3 ఉన్నదాని కంటే సేఫ్ అని చాలామంది లెక్కలేస్తుంటారు. నన్నడిగితే ఆ లెక్కతో ఫోన్ కొనడం దండగ. ల్యాబ్‌లో ఫోన్‌ని ఫుల్ పవర్‌లో పెట్టి కొలిచిన నంబర్ అది. రోజువారీ వాడకంలో ఫోన్ టవర్‌కి అందేంత పవరే వాడుతుంది. సిగ్నల్ బాగుంటే బాగా తగ్గించేస్తుంది, లేకపోతే గొంతు చించుకుని అరుస్తుంది.

ఈ తేడా మా చిరాగ్‌పల్లిలో బాగా తెలుస్తుంది. జహీరాబాద్ దాటాక, కర్ణాటక బోర్డర్ చెక్‌పోస్టు ఉన్న ఊరు. హైవే మీద సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి. పాత ఇంట్లో మందపాటి గోడల మధ్యకి వెళ్తే ఒక్కటే. మా చిన్నమ్మ భయం మాత్రం టవర్ మీదే: "గా టవర్‌తోని క్యాన్సరొస్తదంట, నిజమేనా బిడ్డా?" టవర్ యాంటెన్నా ఎక్కడో ఎత్తులో ఉంటుంది, దూరం పెరిగేకొద్దీ దాని తీవ్రత వేగంగా పడిపోతుంది. పైగా 2012లోనే మన దేశం టవర్ల రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకి దించింది. చెవికి ఆనించుకునేది ఫోన్‌నే కదా! టవర్ వద్దని దూరం జరిపిస్తే, అదే ఫోన్ ఇంకా గట్టిగా అరవాలి.

మరి క్యాన్సర్ సంగతి? 2011 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను 2బి గ్రూపులో పెట్టింది. అంటే "కారణం కావచ్చు, కానీ ఆధారాలు పరిమితం" అని. కలబంద ఆకు మొత్తం సారం కూడా ఇప్పుడు అదే గ్రూపులో ఉంది! 2018లో అమెరికా ప్రయోగంలో మగ ఎలుకల గుండెల్లో కణితులు కనిపించాయి. కానీ వాటికి రోజుకి 9 గంటలు, ఒళ్లంతా తగిలేలా భారీ మోతాదు ఇచ్చారు. విచిత్రమేంటంటే, రేడియేషన్ తగలని ఎలుకల కంటే అవే ఎక్కువ కాలం బతికాయి.

మనుషుల దగ్గరికొస్తే, బ్రిటన్‌లో 7.7 లక్షల మంది మహిళల్ని గమనించిన అధ్యయనంలో ఫోన్ వాడేవాళ్లకి బ్రెయిన్ ట్యూమర్లు పెరగలేదని 2022లో తేలింది. వాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లో తక్కువ మాట్లాడేవాళ్లే అనుకోండి. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 63 అధ్యయనాలను జల్లెడ పట్టింది. పదేళ్లు, ఆపైన వాడినవాళ్లలోనూ బ్రెయిన్ క్యాన్సర్‌తో లింక్ దొరకలేదు.

అయినా, ఒక్క గీతే ఉన్నప్పుడు నేను స్పీకర్ ఆన్ చేసే మాట్లాడతా. ఖర్చేం లేదు. ఫోన్ వెనక అతికించుకోమని అమ్మే "యాంటీ రేడియేషన్" స్టిక్కర్ల జోలికి మాత్రం పోకండి. అది నిజంగా యాంటెన్నాకి అడ్డం పడితే, ఫోన్ చేసే మొదటి పని పవర్ పెంచడమే.