నాణేలు, తపాలా బిళ్ళల సేకరణ విక్రయం - ఆదాయపు పన్ను

అభిరుచి కొద్దీ ఏళ్ళ తరబడి కూడబెట్టిన నాణేలు, తపాలా బిళ్ళలు, చిత్రపటాలు మొదలైన వాటిని ఒక వ్యక్తి అమ్మినపుడు వచ్చే లాభానికి భారతదేశంలో ఆదాయపు పన్ను వర్తిస్తుందా, వర్తిస్తే ఎంత, ఎలా లెక్కించాలి అన్నది ఈ వ్యాస విషయం. పన్ను వస్తువు విలువను బట్టి పడదు, అమ్మకంలో మిగిలిన లాభాన్ని బట్టి పడుతుంది. ఆ వస్తువు చట్టం దృష్టిలో "మూలధన ఆస్తి" అయితేనే ఆ లాభం లెక్కకు వస్తుంది. కనుక ముందుగా తేల్చుకోవలసినది ఈ ఒక్క మాట అర్థమే.

ఆరు దశాబ్దాలకు పైగా అమలులో ఉన్న ఆదాయపు పన్ను చట్టం, 1961 స్థానంలో ఆదాయపు పన్ను చట్టం, 2025 వచ్చింది. కొత్త చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్ల సంఖ్యలు మారాయి గాని ఇక్కడ చర్చించే మూలసూత్రాలు మారలేదు. ఈ వ్యాసంలోని సెక్షన్ సంఖ్యలు 1961 చట్టానివి.

వ్యక్తిగత వస్తువు అంటే ఏమిటి?

1961 చట్టంలోని సెక్షన్ 2(14) ప్రకారం ఒక వ్యక్తికి చెందిన ఏ ఆస్తి అయినా సాధారణంగా మూలధన ఆస్తియే. అయితే సొంత వాడకానికి ఉంచుకున్న చరాస్తులను, అనగా బట్టలు, కుర్చీలు, మంచాలు, గృహోపకరణాల వంటి వాటిని "వ్యక్తిగత వస్తువులు" అన్న పేరుతో చట్టం మినహాయించింది. పాత బీరువాను కొన్న ధర కంటె ఎక్కువకు అమ్మినా పన్ను లేకపోవడానికి కారణం ఇదే.

ఈ మినహాయింపుకు తిరిగి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. నగలు 1970 దశకం నుండే దీని వెలుపల ఉన్నాయి. 2007 ఆర్థిక చట్టం ఆ జాబితాలో పురావస్తు సేకరణలు, రేఖాచిత్రాలు, వర్ణచిత్రాలు, శిల్పాలు, ఏ విధమైన కళాఖండమైనా అన్న వర్గాలను చేర్చింది. ఇది 2008-09 మదింపు సంవత్సరం నుండి అమలయింది. గోడకు తగిలించుకున్న చిత్రపటం అంతకు ముందు వ్యక్తిగత వస్తువుగా చెల్లేది, ఆ తరువాత చెల్లలేదు.

ఈ జాబితాలో తపాలా బిళ్ళల పేరు లేదు, నాణేల పేరూ లేదు. పేరు లేదు కనుక పన్ను లేదని చాలామంది సేకర్తలు అనుకుంటారు. అది సరికాదు. జాబితాలో లేనంత మాత్రాన వస్తువు వ్యక్తిగత వస్తువు అయిపోదు. అది నిజంగా "సొంత వాడకానికి" ఉంచుకున్నదే అని చూపవలసి ఉంటుంది.

ఈ విషయంలో సుప్రీంకోర్టు 1976లో ఇచ్చిన తీర్పు ముఖ్యమైనది. ధోల్‌పూర్ మహారాజా రాణా హేమంత్ సింగ్‌జీ తమ వద్ద నున్న బంగారు సవరన్లు, వెండి రూపాయలు, వెండి కడ్డీలు అమ్మారు. అవి లక్ష్మీపూజలో పెట్టేవనీ, కనుక వ్యక్తిగత వస్తువులనీ వారి వాదన. న్యాయస్థానం అంగీకరించలేదు. వస్తువుకూ మనిషికీ మధ్య సన్నిహితమైన సంబంధం ఉండాలనీ, ఏడాదికొకసారి పూజలో ఉంచినంత మాత్రాన అది సొంత వాడకం కాదనీ చెప్పింది. దీనికి భిన్నంగా, భోజనానికి వాడే వెండి కంచాలు, గిన్నెలను వ్యక్తిగత వస్తువులుగా కొన్ని హైకోర్టులు అంగీకరించాయి. దీపావళికి పీఠం మీద వెండి రూపాయలు పెట్టే కుటుంబాలు మన తెలుగు నాట కూడా ఎన్నో ఉన్నాయి కాబట్టి ఈ భేదం గుర్తుంచుకోదగినది.

బొంబాయి హైకోర్టు ముందుకు వచ్చిన మరొక వివాదం పాత కారుకు సంబంధించినది. 1931 నాటి ఫోర్డు కారును 1983లో 20 వేల రూపాయలకు కొన్న ఒక ఉద్యోగి దానిని తరువాత 21 లక్షలకు అమ్మారు. కారు నడపడానికి పనికివచ్చేదే గాని, తాను దానిని వాడుకున్నట్లు ఆయన ఆధారాలు చూపలేకపోయారు. పన్ను తప్పలేదు. వాడుకోవడానికి వీలుండటం వేరు, వాడుకోవడం వేరు.

ఈ కొలమానంతో చూస్తే ఆల్బములో భద్రపరచిన తపాలా బిళ్ళలను వ్యక్తిగత వస్తువులనడం కష్టమే. శాతవాహనుల సీసపు నాణేలు, విజయనగర వరహాలు, నిజాం కాలపు రూపాయల వంటివైతే "పురావస్తు సేకరణ" అన్న మాట కిందకే వచ్చే అవకాశం ఉంది. పన్ను ఉంటుందనుకొని లెక్కలు సిద్ధం చేసుకోవడమే క్షేమం.

లాభాన్ని లెక్కించే పద్ధతి

అమ్మిన ధరలో నుండి వేలం సంస్థ కమిషను వంటి అమ్మకపు ఖర్చులను, కొన్న ధరను తీసివేస్తే మిగిలేది మూలధన లాభం. వస్తువు 24 నెలలకు మించి ఉంచుకున్నదైతే అది దీర్ఘకాలిక లాభం, లేకుంటే స్వల్పకాలిక లాభం. 2024 జూలై 23కు ముందు ఈ గడువు 36 నెలలు. స్వల్పకాలిక లాభం ఇతర ఆదాయంతో కలిసి మామూలు శ్లాబు రేట్లకు లోనవుతుంది. దీర్ఘకాలిక లాభానికి 12.5 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు ఉంటాయి.

సేకర్తలకు చిక్కు వచ్చేది కొన్న ధర దగ్గరనే. తపాలా కార్యాలయంలో కొన్న బిళ్ళకు, చిల్లరలో వచ్చిన నాణేనికి దానిమీద ముద్రించిన విలువే ధర. వారసత్వంగా వచ్చిన వాటికి పూర్వ యజమాని కొన్న ధరను, ఆయన ఉంచుకున్న కాలాన్ని కూడా తీసుకోవాలి. తండ్రి 1965లో కొన్నది కుమారునికి నిరుడు సంక్రమించినా దీర్ఘకాలిక ఆస్తియే. వారసత్వంపై విడిగా పన్ను లేదు. ఎస్టేటు సుంకం 1985లోనే రద్దయింది. 2001 ఏప్రిల్ 1కి ముందు సంపాదించిన వస్తువుకు అసలు ధర బదులు ఆ తేదీ నాటి మార్కెట్ విలువను తీసుకోవచ్చు. తాతగారి ఆల్బములకు ఇది గొప్ప ఊరట. అయితే ఆ విలువకు గుర్తింపు పొందిన మదింపుదారు నివేదిక, ఆ కాలపు కేటలాగుల ధరలు వంటి ఆధారం కావాలి. అధికారికి నమ్మకం కలుగకపోతే శాఖ మదింపు అధికారికి పంపవచ్చు.

హైదరాబాదు సంస్థానం 1869 నుండి సొంత తపాలా బిళ్ళలు జారీ చేసింది. 1931 నాటి వరుసలో చార్మినారు, ఉస్మాన్ సాగర్, అజంతా గుహల బొమ్మలు ఉన్నాయి. ఇటువంటి బిళ్ళల సేకరణ ఒకటి తండ్రి నుండి ఒక విశ్రాంత ఉద్యోగికి వచ్చిందనుకుందాం. 2001 ఏప్రిల్ 1 నాటి విలువ 80,000 రూపాయలు. 2025 జూన్‌లో వేలంలో 6,00,000 పలికింది. కమిషను 60,000. లాభం 4,60,000. దానిపై 12.5 శాతం 57,500, సెస్సు 2,300, మొత్తం 59,800 రూపాయలు.

ఇదే అమ్మకం 2024 జూన్‌లో జరిగి ఉంటే లెక్క వేరు. అప్పుడు ద్రవ్యోల్బణ సూచీతో ధరను పెంచుకొనే ఇండెక్సేషన్ ఉండేది, పన్ను 20 శాతం. 2001-02 సూచీ 100, 2024-25 సూచీ 363 కనుక 80,000 కాస్తా 2,90,400 అయ్యేది. లాభం 2,49,600 మాత్రమే. సెస్సుతో కలిపి పన్ను దాదాపు 51,917 రూపాయలు. రేటు తగ్గినా పన్ను పెరిగిందన్న మాట. ఈ లెక్కను విస్తరించి చూస్తే, 2001 విలువకు ఖర్చులు పోను ఎనిమిది రెట్లకు మించి ధర పలికిన వస్తువుకే కొత్త పద్ధతి లాభకరం. అంతకు తక్కువ పెరిగిన సాధారణ సేకరణలకు, అనగా మనలో చాలామంది ఇళ్ళలో ఉండేవాటికి, పాత పద్ధతే మేలుగా ఉండేది. ఇళ్ళు, స్థలాల విషయంలో పాత యజమానులకు రెండింటిలో తక్కువ పన్నును ఎంచుకొనే వీలు కల్పించారు గాని సేకరణలకు ఆ వీలు ఇవ్వలేదు.

మరొక అపోహ 12 లక్షల పరిమితి. 2025-26 నుండి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు పన్ను ఉండదన్న మాట రిబేటు వలన వచ్చింది. ప్రత్యేక రేటు గల దీర్ఘకాలిక లాభానికి ఆ రిబేటు వర్తించదు. దేశంలో నివసించే వ్యక్తికి కనీస మినహాయింపు పరిమితి అయిన 4 లక్షలలో వాడుకోని భాగం ఉంటే మాత్రం దానిని ఈ లాభం నుండి తగ్గించుకోవచ్చు. పై ఉదాహరణలోని వ్యక్తికి పన్ను లెక్కకు వచ్చే పింఛను 3 లక్షలే అయితే లాభంలో 1 లక్ష తగ్గి, పన్ను సెస్సుతో 46,800 అవుతుంది. ఇటువంటి లాభం ఉన్నవారికి ఐటీఆర్-1 సరిపోదు, ఐటీఆర్-2 దాఖలు చేయాలి.

దీర్ఘకాలిక నష్టం వస్తే దానిని దీర్ఘకాలిక లాభంతోనే సర్దుకోవాలి. మిగిలినది 8 సంవత్సరాల వరకు ముందుకు తీసుకుపోవచ్చు, రిటర్ను గడువులోగా వేసి ఉంటేనే. అమ్మకపు సొమ్ముతో నివాస గృహం కొంటే సెక్షన్ 54ఎఫ్ కింద షరతులతో మినహాయింపు ఉంది.

అభిరుచా, వ్యాపారమా?

తరచుగా కొని అమ్మేవారి లాభం మూలధన లాభం కాదు, వ్యాపార ఆదాయం. ఒక్క లావాదేవీ కూడా తిరిగి అమ్మాలన్న ఉద్దేశంతోనే జరిగితే వ్యాపార స్వభావం కలది కావచ్చునని జి. వెంకటస్వామి నాయుడు అండ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 1958లో చెప్పింది. అది భూమి అమ్మకం కేసు, అయినా సూత్రం ఇక్కడికీ పనికివస్తుంది. ఏ ఒక్క లక్షణమూ దీనిని తేల్చదు. కొన్నప్పటి ఉద్దేశం, ఉంచుకున్న కాలం, అమ్మకాల సంఖ్య అన్నీ కలిపి చూస్తారు. వ్యాపారమైతే జీఎస్టీ ప్రశ్న కూడా వస్తుంది. అభిరుచి కొద్దీ కూడబెట్టినది ఒకసారి అమ్ముకొనే వ్యక్తికి అది వర్తించదు.

నగదు, రసీదులు

2017 ఏప్రిల్ 1 నుండి ఒక లావాదేవీలో 2 లక్షలు లేదా అంతకు మించి నగదు పుచ్చుకోవడం నిషిద్ధం. పుచ్చుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. నాణేల ప్రదర్శనలలో నగదు బేరాలు మామూలే కనుక అమ్మేవారు ఇది తెలుసుకొని ఉండాలి. 2025 ఏప్రిల్ 22 నుండి 10 లక్షలు మించిన చేతి గడియారాలు, పురాతన వస్తువులు, నాణేలు, తపాలా బిళ్ళల వంటి వాటి అమ్మకంపై కొనుగోలుదారు నుండి 1 శాతం పన్ను వసూలు చేసే నిబంధన వచ్చింది. ఇది వ్యాపారులకే గాని సొంత సేకరణ అమ్ముకొనే గృహస్థుకు కాదు. ఆ 1 శాతాన్ని కొన్నవారు తమ పన్నులో సర్దుకోవచ్చు.

వస్తువు ఎలా వచ్చిందో చెప్పలేకపోతే దానిని వివరణ లేని సొత్తుగా పరిగణించి ఏ ఖర్చూ తగ్గించకుండా పన్ను వేసే ప్రమాదం ఉంది. రసీదులు పోయినచోట తండ్రి రాసిపెట్టుకున్న పుస్తకం, సంఘ సభ్యత్వ కాగితాలు, పాత ఉత్తరాలు, వీలునామా పనికివస్తాయి. సేకర్త జీవించి ఉండగానే ఏ వస్తువు ఎప్పుడు ఎంతకు వచ్చిందో ఒక పట్టీ రాయించడం పిల్లలకు ఆల్బమంత విలువైనది.

విదేశాలలోని వారసులు

ప్రవాస భారతీయుడు ఇక్కడి సేకరణను ఇక్కడే అమ్మితే లాభంపై ఇక్కడే పన్ను ఉంటుంది. కొన్నవారు చెల్లింపులోనే పన్ను మినహాయించాలి. తీసుకుపోయి అక్కడ అమ్ముదామంటే మరొక చట్టం అడ్డు వస్తుంది. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణేలు పురావస్తువులు, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. తాతగారి హాలీ సిక్కా రూపాయలను ప్రయాణపు పెట్టెలో వేసుకొని బయలుదేరడం పన్ను కంటె పెద్ద చిక్కు. పొలంలోనో పాత గోడలోనో దొరికినవైతే అసలు సొంతమే కావు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం కింద కలెక్టరుకు తెలియజేయాలి.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారు అక్కడే కూర్చుకున్న సేకరణలకు అక్కడి నియమాలు వేరు. ఏడాదికి మించి ఉంచుకున్న సేకరణ వస్తువుల లాభంపై పన్ను రేటు గరిష్ఠంగా 28 శాతం, ఇది షేర్ల కంటె ఎక్కువ. వారసత్వంగా వచ్చిన వాటికి మాత్రం సాధారణంగా యజమాని మరణించిన నాటి విలువనే కొన్న ధరగా తీసుకుంటారు. బ్రిటనులో 6,000 పౌండ్లకు మించని ధరకు అమ్మిన వస్తువుపై సాధారణంగా లాభపు పన్ను ఉండదు.