96 గుంటల ప్లేటు: కంది వెర్రి తెగులు నుంచి నల్గొండ బత్తాయి దాకా

కందిపైరుకు మొదటి 45 రోజుల్లోపు వెర్రి తెగులు సోకితే దిగుబడిలో 95 నుంచి 100 శాతం పోతుంది. ఆ తర్వాత సోకినా నష్టం 26 నుంచి 97 శాతం దాకా ఉంటుంది. పాలమూరు కంది రైతుకు ఈ లెక్క ఒకరు చెప్పనక్కర్లేదు. ఆకులు చిన్నవై, లేతపచ్చ ముదురుపచ్చ మచ్చలు పడతాయి. మొక్క గుబురుగా పెరుగుతుందే తప్ప పూత రాదు. పక్క సాళ్లన్నీ కాయపట్టి ముదిరే వేళకు అది ఒక్కటీ పచ్చగా నిలబడి ఉంటుంది.

ఈ తెగులును 1931లో బీహార్‌లోని పూసాలో మొదటిసారి శాస్త్రీయంగా నమోదు చేశారు. దాన్ని మోసుకొచ్చేది ఆకు అడుగున బతికే, కంటికి ఆనని ఒక నల్లి అని 1960ల్లో తేలింది. తెగులుకు అసలు మూలం ఏమిటో మాత్రం 2000 ప్రాంతం దాకా ఎవరికీ పట్టుబడలేదు. అంటే దాదాపు 70 ఏళ్లు. ఈలోగా భారత్, నేపాల్‌లలో ఏటా 30 కోట్ల డాలర్ల పైచిలుకు విలువైన కందులు నష్టమవుతున్నాయని అంచనా వేశారు.

ఆ ముడి విప్పింది మనకు దగ్గరలోనే, పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో. అక్కడి శాస్త్రవేత్తలు పి. లవ కుమార్, డి.వి.ఆర్. రెడ్డి, స్కాట్లండ్‌లోని స్కాటిష్ క్రాప్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఎ.టి. జోన్స్ కలిసి పనిచేశారు. తెగులుకు మూలం ఒక వైరస్ అని తేలింది. ఇన్నేళ్ల ఆలస్యానికి కారణం దాని స్వభావమే. బూజునైతే గాజు పళ్లెంలో పెంచి చూడొచ్చు, వైరస్‌ను అలా పెంచలేం. తెగులు మొక్క రసాన్ని మంచి కంది మొక్కకు రుద్దినా ఇది అంటుకోదు. సన్నటి దారం లాంటి దీని కణాలు మామూలు శుద్ధి పద్ధతుల్లో నిలవలేదు. చివరికి తెగులు సోకిన ఆకుల్లో మాత్రమే కనిపించి, మంచి ఆకుల్లో కనిపించని 32 కిలోడాల్టన్ల ప్రోటీన్ ఒకటి దొరికింది. దానితో వైరస్‌ను గుర్తుపట్టే యాంటీబాడీలు తయారయ్యాయి.

యాంటీబాడీ ఎలా తయారవుతుందో కొంచెం వివరంగా చూద్దాం. శుద్ధి చేసిన వైరస్‌ను కుందేలుకు కొన్ని వారాల పాటు విడతలుగా ఇంజెక్షన్ ఇస్తారు. పరాయి ప్రోటీన్‌ను ఎదుర్కోవడానికి కుందేలు ఒంట్లో యాంటీబాడీలు పుడతాయి. చెవి నరం నుంచి కొద్దిగా రక్తం తీసి, గడ్డకట్టాక పైన తేరిన సీరం తీసుకుంటారు. మంచి సీరమైతే 5,000 రెట్లు పలుచన చేసినా పనిచేస్తుంది. ఆ లెక్కన ఒక్క మిల్లీలీటరు సీరంతో 5 లీటర్ల ద్రావణం వస్తుంది. పరీక్ష ప్లేటులోని ఒక్కో గుంటకు 200 మైక్రోలీటర్ల చొప్పున 25,000 గుంటలకు సరిపోతుంది. కష్టమంతా మొదట వైరస్‌ను శుద్ధిగా రాబట్టడంలోనే ఉంది. శుద్ధి సరిగా జరగకపోతే కుందేలు కంది ఆకు ప్రోటీన్లకు కూడా యాంటీబాడీలు తయారుచేస్తుంది. అప్పుడు ఆ సీరం మంచి మొక్కను కూడా తెగులు మొక్కగా చూపిస్తుంది. అందుకే సీరాన్ని ముందు మంచి ఆకు రసంలో కలిపి, ఆ అనవసరపు యాంటీబాడీలను తీసేస్తారు.

ఈ సీరంతో చేసే పరీక్ష పేరు ఎలైసా. 1971లో వైద్యం కోసం పుట్టిన ఈ పద్ధతిని 1977లో ఇంగ్లండ్‌కు చెందిన క్లార్క్, ఆడమ్స్ మొక్కల వైరస్‌లకు మలిచారు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ప్లేటులో 8 వరుసలు, వరుసకు 12 చొప్పున 96 గుంటలుంటాయి. ఆకు రసం పోస్తే వైరస్ గుంట గోడకు అంటుకుంటుంది. కడిగి యాంటీబాడీ పోస్తారు. మళ్లీ కడిగి, ఎంజైము తగిలించిన రెండో యాంటీబాడీ పోస్తారు. చివర్లో రంగు మారే ద్రావణం పోస్తారు. వైరస్ ఉన్న గుంటలో ఎంజైము మిగిలి ఉంటుంది కాబట్టి అక్కడ రంగు మారుతుంది. లేని గుంటలో అంతా కడుగుడులో పోయి ఉంటుంది.

నమూనాకు రెండేసి గుంటలు, పోల్చి చూడటానికి మంచి మొక్కకూ తెగులు మొక్కకూ కలిపి 8 గుంటలు కేటాయిస్తే ఒక ప్లేటులో 44 నమూనాలు పడతాయి. నా మటుకు ఆ 8 గుంటలే పరీక్షకు ప్రాణం. అవి లేని రిపోర్టును నమ్మకూడదు.

రంగు విషయంలో ఇక్రిశాట్ చేసిన మరో పని గురించి మనవాళ్లకు అంతగా తెలియదు. విదేశీ పద్ధతిలో వాడే ఎంజైము, దాని రసాయనం ఖరీదైనవి. రంగు గాఢత చదవడానికి యంత్రం కూడా కావాలి. 1989లో సుదర్శన, డి.వి.ఆర్. రెడ్డి పెన్సిలినేజ్ అనే ఎంజైముతో ఎలైసా చేసి చూపారు. దీనికి కావలసినవి పెన్సిలిన్, బ్రోమోథైమాల్ బ్లూ అనే రంగు. ఎంజైము పెన్సిలిన్‌ను విడగొడితే ద్రావణం ఆమ్లమవుతుంది, నీలంగా ఉన్న గుంట పసుపు రంగుకు తిరుగుతుంది. ఫలితాన్ని కంటితోనే చూడొచ్చు. పెద్ద హంగులు లేని ల్యాబుకు ఇది నిజమైన మేలు.

పరీక్ష ఎందుకంత ముఖ్యమో 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా చూపించింది. ఆ ఏడాది అక్కడ దాదాపు 2.25 లక్షల హెక్టార్లలో వేరుశనగ దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. మొవ్వు ఎండిపోవడం చూస్తే అచ్చం పాత మొవ్వుకుళ్లు తెగులే అనిపిస్తుంది. ఎలైసాలో మాత్రం మొవ్వుకుళ్లు వైరస్ యాంటీబాడీకి రంగు రాలేదు. పొగాకు చార వైరస్ యాంటీబాడీకి వచ్చింది. రెండింటినీ తామర పురుగులే మోస్తాయి కానీ దారులు వేరు. మొవ్వుకుళ్లు వైరస్ పురుగు ఒంట్లోనే పెరుగుతుంది. రెండోది వయ్యారిభామ పుప్పొడితో పాటు పురుగుకు అంటుకుని వస్తుంది. కాబట్టి గట్ల మీది వయ్యారిభామను పూతకు రాకముందే పీకేస్తే ఈ రెండో తెగులు తగ్గుతుంది. యాసంగిలో వేరుశనగ విరివిగా వేసే వనపర్తి, నాగర్‌కర్నూల్ రైతుకు ఈ తేడా తెలియడం అవసరం.

యాంటీబాడీకీ హద్దులున్నాయి. వేరుశనగ మొక్కను గిడసబార్చే క్లంప్ వైరస్‌లో హైదరాబాద్, దుర్గాపుర, లూధియానా అని మూడు రకాలను గుర్తించారు. ఒకదానికి చేసిన యాంటీబాడీ మరోదాన్ని పట్టదు. రంగు రాకపోతే ‘ఈ వైరస్, ఈ రకం దొరకలేదు’ అని మాత్రమే అర్థం. మొక్కకు ఏ జబ్బూ లేదని కాదు.

ఇక నల్గొండ బత్తాయి సంగతి. కందిలో తప్పు జరిగితే ఒక పంట పోతుంది. బత్తాయిలో నాలుగైదేళ్లు సాకిన తోటే పోతుంది. నిమ్మజాతి చెట్లకు సోకే ట్రిస్టెజా వైరస్ 1930ల నుంచి ప్రపంచంలో సుమారు 10 కోట్ల చెట్లను చంపిందని అంచనా. అది పేనుబంకతో వ్యాపిస్తుంది, అంటు కట్టే మొగ్గతోనూ వస్తుంది. రంగపూర్ నిమ్మ వేరుమూలం మీద కట్టిన బత్తాయి ఈ వైరస్‌ను కొంతవరకు తట్టుకుంటుంది. మంచిదే, కానీ అందువల్లే చూడ్డానికి నిగనిగలాడే తల్లిచెట్టులోనూ వైరస్ ఉండొచ్చు.

6 మీటర్ల ఎడంలో నాటితే ఎకరాకు సుమారు 110 మొక్కలు పడతాయి. పదెకరాలకు 1,100. అన్ని మొక్కలకూ మొగ్గలు వచ్చేది కొన్ని పదుల తల్లిచెట్ల నుంచే. 44 తల్లిచెట్లను పరీక్షించడానికి ఒక్క ప్లేటు చాలు. అయితే వైరస్ చెట్టంతా సమంగా ఉండదు, ఎండలు ముదిరితే తగ్గుతుంది కూడా. ఏప్రిల్, మే నెలల్లో తీసిన నమూనాను నమ్ముకోవద్దు. చల్లటి రోజుల్లో, చెట్టుకు నాలుగు వైపుల నుంచీ లేత కొమ్మ బెరడు, ఆకుతొడిమ తీయాలి. ఇంకో మాట, బత్తాయిని పీడించే గ్రీనింగ్ బ్యాక్టీరియా జబ్బు. అది ట్రిస్టెజా ఎలైసాలో బయటపడదు, పీసీఆర్ పరీక్ష కావాలి.

ఈ ఏడాది కొత్త తోట పెట్టే రైతులు నర్సరీలో అంటు ధర అడిగే ముందు తల్లిచెట్టుకు ట్రిస్టెజా, గ్రీనింగ్ పరీక్షలు చేయించారా, ఏ నెలలో చేయించారు అని అడగండి, రిపోర్టు చూపించమనండి. చూపించలేని చోట అంటు కొనకండి.